వెంట్రుక కలిపిన గచ్చు

గోడలకు చెవులుంటాయని లోకం అంటుంది. నోరు కూడా ఉంటుందని, అడగడం చేతనైతే కడుపులో మాట దాచుకోకుండా చెప్పేస్తాయని గడ్డం మేస్త్రి అంటాడు. ఎక్కడ గోడ కనిపించినా అతని చెయ్యి ఊరుకోదు. వేళ్ళు ముడిచి, మధ్యవేలి కణుపుతో ముందు ఒకసారి టక్ అని కొడతాడు. కాస్త ఆగి టకటక అని ఇంకో రెండు తగిలిస్తాడు. తల పక్కకి వంచి వింటాడు. ఆ తర్వాత తీర్పు. "గట్టి" అన్నాడంటే ఆ గోడకి ఢోకా లేదు. "డొల్ల" అన్నాడంటే, పైన పూసిన గచ్చు నిగనిగలాడుతున్నా లోపల గోడని వదిలేసి చాలాకాలమైందని అర్థం.

ఈ అలవాటు వల్ల అతనికి దక్కిన మర్యాదలు ఇన్నీ అన్నీ కావు. కాబోయే మామగారి ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు, అమ్మాయి గురించి ఏమంటాడోనని అందరూ అతని మొహంకేసి చూస్తుంటే, అతను ముందుగదిలో గోడని కొట్టి, "ఇది డొల్లండీ, ఆ కుర్చీ అక్కణ్ణించి తీసెయ్యండి" అన్నాడు. మామగారు మొహం గంటు పెట్టుకున్నారు. అమ్మాయి మాత్రం కిక్కురుమనకుండా లేచి కుర్చీ జరిపింది. పెళ్ళయిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం ఆ గోడ గచ్చు పెద్ద పెచ్చుగా ఊడి, సరిగ్గా కుర్చీ ఉండే చోటే పడింది. గోడ పోయినందుకన్నా అల్లుడి మాట నిజమైనందుకే మామగారు ఎక్కువ బాధపడ్డారు.

అతను పని చేసేది పాత కట్టడాల్లో. ఎప్పుడో పెద్దలు సున్నంతో, ఇసకతో, జంతువుల వెంట్రుకలు కలిపి వేసిన గచ్చు పూతల్ని మళ్ళీ నిలబెట్టడం అతని వృత్తి. బాగున్నంత మేర ముట్టుకోడు. డొల్ల పడిన చోట మాత్రం నెమ్మదిగా తీసి, అదే రకం సున్నం, అదే రకం వెంట్రుక కలిపి, పాతదేదో కొత్తదేదో తెలియకుండా పూస్తాడు. పని పూర్తయ్యాక అందరూ వచ్చి "మీరేం చేశారు, అంతా పాతదే కదా" అంటే అదే అతనికి పట్టాభిషేకం.

పని నేర్పింది మేనమామ. గొప్ప చెయ్యి ఆయనది. పైకప్పు అంచున పూలతీగ మలిచాడంటే తేనెటీగలు వచ్చి వాలతాయేమోననిపించేది. కానీ దుమ్ముతో చుట్టరికం ఉన్నట్టు పని చేసేవాడు. మొహానికి ఏదైనా కట్టుకో మావయ్యా అంటే, "దుమ్మే కదరా మనకి కూడు పెడుతోంది, దానికి తలుపేస్తామా" అనేవాడు. చివరి రోజుల్లో నాలుగు మెట్లెక్కితే ఊపిరందక గోడ పట్టుకుని నిలబడేవాడు. అలా నిలబడినప్పుడు కూడా అలవాటు కొద్దీ గోడని కొట్టి చూసేవాడు. ఆ గోడలన్నీ గట్టిగానే ఉన్నాయి, మనిషే లోపల డొల్ల పడిపోయాడు. అది చూసిన మేనల్లుడికి దుమ్మంటే పాముని చూసినంత భయం పట్టుకుంది.

ఆ భయం లోంచే అతని చాదస్తం పుట్టింది. ఎండు గోడని ఎవరూ గీకకూడదు. ముందు పిచికారీతో తడపాలి, నానాక ముట్టుకోవాలి. "ముందు తడుపు" అన్న మాట రోజుకి ఎన్నిసార్లు అంటాడో అతనికే తెలియదు. నిద్రలో కూడా అంటాడని భార్య చెబుతుంది. పొడి చీపురు అతని కంట పడితే చీపురుకీ, పట్టుకున్నవాడికీ మూడినట్టే. పైకప్పు గచ్చు విప్పేముందు కింద పలకలు పెట్టి, గుంజలతో ఎత్తిపట్టందే పరంజా మీద అడుగు వెయ్యనివ్వడు. సున్నం కలిపేటప్పుడు కళ్ళజోడు లేకపోతే కలిపేవాణ్ణి చెవి పట్టుకుని బయటికి తీసుకెళతాడు. పక్కనే కళ్ళు కడుక్కునే నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. పని బట్టలు పని దగ్గరే విప్పాలి, చేతులూ మొహమూ కడగందే టీ గ్లాసు ముట్టుకోకూడదు. అతని దగ్గర చేరిన కొత్తవాళ్ళు మొదటి వారమంతా అతన్ని తిట్టుకునేవాళ్ళు. ఆ తర్వాత వేరే చోట పనికి వెళితే, అక్కడివాళ్ళని తామే తిట్టేవాళ్ళు.

ఇంతటి మనిషికీ ఒక ముద్దుల బిడ్డ ఉండేది. అదే గడ్డం. గుండెల దాకా దిగిన, పాలనురుగులాంటి ఒత్తైన గడ్డం. పొద్దున్నే నూనె రాసి దువ్వందే బయటికి కదిలేవాడు కాదు. పెళ్ళికి ముందునుంచే ఉంది కనక భార్య కూడా దాని కింద ఏముందో చూడలేదు. "ఎన్నేళ్ళ కాపురమమ్మా ఇది, మీ నాన్నకి చుబుకం ఉందో లేదో నాకు తెలీదు" అని ఆమె కూతురితో నవ్వేది.

ఆ గడ్డానికి అసలు యజమాని అతను కాదు, మనవరాలు. కూతురూ అల్లుడూ అదే ఇంట్లో పై వాటాలో ఉంటారు. వాళ్ళిద్దరూ పనులకి వెళితే పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి. తాత ఇంటికొచ్చి తలుపు మీద టక్, టకటక అని కొట్టగానే, ఎక్కడున్నా ఒక్క పరుగున వచ్చి మీద పడేది. గడ్డంలో మొహం దూర్చి, రెండు పిడికిళ్ళతో పట్టుకుని, అలాగే కునుకు తీసేది. గోడలు కొట్టే విద్య కూడా దానికి అబ్బింది. బీరువా, తలుపు, అమ్మమ్మ వీపు, ఏది దొరికితే అది కొట్టి, తల పక్కకి వంచి, "గట్టి" అని తీర్పు చెప్పేది. ఖాళీ డబ్బాని కొట్టి "డొల్ల" అన్న రోజున తాత ఆనందం చూడాల్సిందే. ఇంటి వంశం ఉద్ధరింపబడిందన్నంత సంబరపడ్డాడు.

అలాంటి రోజుల్లో పాత నాటకశాల పని వచ్చింది. చాలాకాలం మూసి ఉంచిన పెద్ద హాలు. లోపల ఎత్తైన గుండ్రటి పైకప్పు, దాని చుట్టూ గచ్చుతో మలిచిన ఆకులూ, పళ్ళూ, బుగ్గల పిల్లల బొమ్మలూ. అతను పరంజా ఎక్కి, ఒక్కొక్క జానెడూ కొట్టుకుంటూ వెళ్ళి, కిందికి దిగేసరికి కళ్ళు మెరుస్తున్నాయి. "సగం పైగా గట్టి. ఇంత మంచి పని నేనెప్పుడూ చూళ్ళేదురా" అన్నాడు బావమరిదితో. ఈ బావమరిది భార్యకి తమ్ముడు, మేస్త్రికి కుడిభుజం. మనిషి తాటిచెట్టంత పొడుగు, నోరు అంతకన్నా పొడుగు.

ఒక్కటే చిక్కు. గచ్చు మీద పొరలు పొరలుగా వేసిన పాత రంగుల్లో సీసం ఉంది. అది దుమ్ముగా లేచి ఊపిరితోనో నోటితోనో లోపలికి వెళితే రక్తంలో చేరి, ఎముకల్లో కాపురం పెడుతుంది. పెద్దవాళ్ళకే మంచిది కాదు, పసిపిల్లలకి మరీ చేటు. అందుకని పనివాళ్ళందరికీ రబ్బరు మాస్కులు ఇచ్చారు. మొహానికి బిగుతుగా అతుక్కుని, అటూ ఇటూ దుమ్ముని వడగట్టే గుండ్రటి బిళ్ళలతో ఉండే రకం. మేస్త్రి వాటిని చూసి మురిసిపోయాడు. బావమరిది మొహం మీది గడ్డాన్ని చూసి మాత్రం మొహం చిట్లించాడు. ఆ మధ్యే ఎవరినో చూసి సరదాగా కత్తిరించి పెంచుకున్న పొట్టి గడ్డం అది.

"గీయించెయ్యి."

"బావా! మొన్ననే కదా కుదురుకుంది. మీ చెల్లాయి బాగుందంది కూడానూ."

"మా చెల్లాయికి గడ్డం కావాలా, మొగుడు కావాలా? నీ గడ్డం ముళ్ళకంపరా. మాస్కుని పైకి ఎత్తేస్తుంది. సందుల్లోంచి దుమ్ము పోతుంది."

"మరి నీదో?"

"నాది వేరు" అన్నాడు మేస్త్రి, గడ్డం నిమురుకుంటూ. "పాత గచ్చులో వెంట్రుక ఎందుకు కలుపుతారు?"

"పగలకుండా ఉండటానికి."

"ఆఁ. వెంట్రుక లేని గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. కలిపింది అతుక్కుని కూర్చుంటుంది. ఇదీ అంతే. ఒత్తైన గడ్డం రబ్బరు కింద మెత్తగా పరుచుకుంటుంది. మాస్కుకి పట్టు ఇస్తుంది. నీది చాలదు, నాది చాలు."

జీవితమంతా గచ్చుతో గడిపినవాడు తప్ప ఇంకొకడు ఇలాంటి పొరపాటు చేయలేడు. తన విద్యలో నూటికి నూరుపాళ్ళు నిజమైన మాటని తెచ్చి మొహానికి పూసుకున్నాడు. బావమరిది మర్నాడు నున్నగా గీయించుకుని వచ్చాడు. మాస్కు సరిగా కుదిరిందో లేదో ఒక్కొక్కరినీ చూడటానికి పరీక్ష చేసే ఆవిడ వచ్చిన రోజున, సున్నం లారీ వచ్చిందన్న సాకుతో మేస్త్రి కిందికి జారుకున్నాడు. ఆవిడ మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది.

పని చక్కగా సాగింది. మేస్త్రికి కాస్త నీరసంగా ఉండేది, కడుపులో అప్పుడప్పుడు మెలిపెట్టేది. వయసు మీద పడుతోందిలే అనుకున్నాడు. అలాంటి పనిలో ఉన్నవాళ్ళకి మధ్యమధ్య రక్తం తీసి చూస్తారు. ఆ ఫలితాలు వచ్చాయి. అందరిదీ శుభ్రంగా ఉంది, ఒక్క మేస్త్రిది తప్ప.

ముందు అతను నమ్మలేదు. తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత అపరాధ పరిశోధన మొదలుపెట్టాడు. టీ గ్లాసులు కడిగే తొట్టిని అనుమానించాడు. కుళాయిని అనుమానించాడు. రక్తం సీసాలు తారుమారయ్యాయేమోనని కూడా అన్నాడు. బావమరిది చాలాసేపు ఓర్చుకుని, చివరికి ఉండబట్టలేకపోయాడు.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడిందట, అలా ఉంది బావా నీ సంగతి."

"గడ్డం కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. అలా ఉంది నీ ఓదార్పు" అన్నాడు మేస్త్రి.

ఆ మాట అన్నందుకు తర్వాత చాలాకాలం బావమరిది అతన్ని వదిలిపెట్టలేదు. రోగం ఎక్కడుందో నీ నోటితోనే చెప్పావు కదా బావా అని.

డాక్టరు నిదానస్తుడు. అతన్ని కూర్చోబెట్టి, "భయపడాల్సినంత లేదు, కానీ ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. తగ్గేదాకా రంగు గీకే చోటికి వెళ్ళకండి. కింద సున్నం పని చూసుకోండి" అన్నాడు. మేస్త్రి తల ఊపాడు. ఆ పైకప్పుని వదిలి ఉండాలంటే మనసు ఉసూరుమంది, కానీ తట్టుకోగలిగాడు. లేవబోతుంటే డాక్టరు మామూలుగా అడిగాడు.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

మేస్త్రి మళ్ళీ కూర్చుండిపోయాడు.

పని బట్టలు అక్కడే విప్పుతాడు, నిజమే. చేతులూ మొహమూ కడుక్కుంటాడు, అదీ నిజమే. కానీ గడ్డాన్ని మాత్రం అక్కడ కడిగేవాడు కాదు. అక్కడి సబ్బుతో రుద్దితే చీపురుకట్టలా తయారవుతుందని పైపైన తుడుచుకుని, ఇంటికెళ్ళి నింపాదిగా కడుక్కునేవాడు. పొద్దున నూనె పట్టించిన గడ్డం అది. రోజంతా మాస్కు కింద వేలాడుతూ ఎంత దుమ్ము తాగి ఉంటుందో. స్నానానికి వెళ్ళేలోపే, తలుపు కొట్టిన మరుక్షణంలోనే, పిల్ల వచ్చి అందులో మొహం దూర్చేది. పిడికిళ్ళతో పట్టుకునేది. ఆ పిడికిళ్ళే నోట్లో పెట్టుకునేది.

డాక్టరు ఇంకేదో చెబుతున్నాడు. పిల్లని తీసుకొచ్చి రక్తం చూపించమంటున్నాడు. మేస్త్రి చెవికి ఏమీ ఎక్కడం లేదు. దుమ్ముకి భయపడి బతికినవాణ్ణి, ఆ దుమ్మునే బిడ్డకి మోసుకెళ్ళి తినిపించానా అనుకున్నాడు.

ఆ సాయంత్రం తలుపు కొట్టలేదు. పెరటి దారిన వచ్చి, నేరుగా స్నానాలగదిలోకి వెళ్ళి, తోలు ఊడేలా గడ్డాన్ని రుద్దుకున్నాడు. విషయం విని భార్య దిండు గలీబులూ దుప్పట్లూ తీసి నానబెట్టింది, తడిగుడ్డతో ఇల్లంతా తుడిచింది. కూతురు వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, రేపు తీసుకెళ్ళి చూపిద్దాం. నువ్వు అలా అయిపోకు."

"నేనే చేశానమ్మా ఇది."

"తెలిసి చేశావా ఏంటి? ఊరుకో."

మర్నాడు పిల్లకి రక్తం తీస్తుంటే అతను లోపలికి వెళ్ళలేకపోయాడు. బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల్నించి ఏడుపు వినబడితే, గోడకేసి తల కొట్టుకున్నంత పనైంది. ఫలితం రావడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు.

ఆ కొన్నాళ్ళూ అతను పిల్లని తాకలేదు. "కడిగారు కదండీ, ఎత్తుకోండి" అని భార్య అన్నా వినలేదు. ఎంత కడిగినా ఆ వెంట్రుకల మీద నమ్మకం కుదరలేదు. వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చునేవాడు. పిల్లకి ఇదేమీ అర్థం కాలేదు. మొదటిరోజు తలుపు దగ్గర ఏడ్చింది. రెండోరోజు కాసేపు చూసి, గోడ దగ్గరికి వెళ్ళి బుల్లి పిడికిలితో కొట్టింది. టక్. టకటక. లోపల్నించి జవాబు రాలేదు. మళ్ళీ కొట్టింది.

"గట్టి" అన్నాడు మేస్త్రి.

పిల్ల కిలకిలా నవ్వింది. అప్పట్నించి అదే ఆట అయింది. అటునించి అది కొట్టడం, ఇటునించి తాత తీర్పు చెప్పడం. మధ్యలో గోడ. వంటింట్లో నిలబడి వింటున్న భార్య చీర కొంగుతో కళ్ళొత్తుకునేది. వెంటనే, "ఇద్దరూ కలిసి నా గోడకి సొట్టలు పెట్టేలా ఉన్నారు" అని పైకి గట్టిగా అరిచేది.

మాస్కు పరీక్ష ఆవిడ అన్నట్టుగానే మళ్ళీ వచ్చింది. ఈసారి సున్నం లారీ రాలేదు. నాటకశాల వసారాలో అతన్ని కూర్చోబెట్టి, మాస్కు తగిలించి, పట్టీలు బిగించింది. తల మీదినుంచి ఒక తెల్లటి గుడారంలాంటి తొడుగు వేసింది. ముందు పక్క కనిపించేలా అద్దంలాంటిది ఉంది.

"ఇందులోకి చేదుమందు పిచికారీ చేస్తాను. మాస్కు సరిగ్గా అతుక్కుంటే మీకేమీ తెలీదు. సందుంటే నోరు చేదవుతుంది. చేదు తగిలితే చెప్పండి. మామూలుగా గాలి పీల్చుకోండి."

చేదు తగిలిందో లేదో తెలిసేది లోపలున్నవాడికే. బయట బావమరిది, మిగతా పనివాళ్ళు వరసగా నిలబడి తమాషా చూస్తున్నారు. ఆవిడ ఒకసారి పిచికారీ కొట్టింది. కాకరకాయ నమిలినట్టు నోరంతా చేదైపోయింది. అతని కళ్ళు చిన్నవయ్యాయి.

"ఏమైనా తెలుస్తోందా?"

లేదని ఒక్క మాట అంటే చాలు. గడ్డం దక్కుతుంది, గచ్చు లెక్కా దక్కుతుంది, బావమరిది ముందు పరువూ దక్కుతుంది. అప్పుడు గోడవతల బుల్లి పిడికిలి చప్పుడు గుర్తుకొచ్చింది.

"చేదమ్మా" అన్నాడు. "విషంలా ఉంది. ముందు ఇది తియ్యి."

తొడుగు తీశాక మంచినీళ్ళు తాగి, అయినా మనసొప్పక తన లెక్క ఆవిడకి చెప్పాడు. వెంట్రుక కలిపిన గచ్చు, పట్టు, అంతా. ఆవిడ నవ్వలేదు. శ్రద్ధగా విని అడిగింది.

"మేస్త్రిగారూ, సున్నం వెయ్యకుండా గోడ మీద ఒట్టి వెంట్రుకలే పరిచారనుకోండి. ఏమవుతుంది?"

"ఏమవుతుందమ్మా, గాలి కొడితే..."

అంటూనే ఆగిపోయాడు. వెంట్రుక పట్టుకునేది సున్నాన్ని. సున్నం వెంట్రుక చుట్టూ చేరి సందులన్నీ పూడుస్తుంది కాబట్టే గచ్చు నిలుస్తుంది. మాస్కు కింద సున్నం ఏది? ఉన్నదంతా వెంట్రుకలూ, వాటి మధ్య సందులూ. ఇన్నాళ్ళూ మొహానికి జల్లెడ కట్టుకుని తిరిగాడన్నమాట. అతను గడ్డాన్ని చేతిలోకి తీసుకుని, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"డొల్ల" అన్నాడు నెమ్మదిగా.

బావమరిదికి ఆ రోజు పండగ. కత్తెరా, సబ్బూ, కొత్త బ్లేడూ ఎక్కణ్ణించి తెచ్చాడో గానీ క్షణంలో ప్రత్యక్షమయ్యాడు. పని దగ్గర చేతులు కడుక్కునే చోట బావగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, మెడచుట్టూ గుడ్డ కట్టాడు. మేస్త్రి కళ్ళు మూసుకుని, "ఊఁ, కానీ" అన్నాడు.

"అలా ఎలా కుదురుద్ది బావా? ముందు తడుపు!"

పనివాళ్ళందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. మేస్త్రి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు అయిపోయేసరికి సగం గడ్డం కింద గుడ్డలో ఉంది. అంత నవ్వులోనూ చేతికి తొడుగులు వేసుకుని, నీళ్ళు పోసి నానబెట్టి, ఒక్క వెంట్రుక కూడా ఎండుగా ఎగరనివ్వకుండా కత్తిరించాడు బావమరిది. ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడు మరి!

"ఇంత మంచి వెంట్రుక పారెయ్యడమెందుకు బావా? పైకప్పు గచ్చులో కలిపేద్దామా? నాటకశాల ఉన్నన్నాళ్ళూ ఉంటావు."

మేస్త్రి ఒక్క క్షణం పైకప్పుకేసి ఆశగా చూశాడు. ఉన్నమాట దాచడం ఎందుకు, అతనికి నిజంగానే ఆ కోరిక కలిగింది. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "సీసం తాగిన వెంట్రుకరా అది. రంగు పెచ్చులతో పాటు సంచిలో కట్టి మూతి బిగించు."

మాస్కు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆవిడ మళ్ళీ తొడుగు వేసి, మళ్ళీ చేదుమందు కొట్టింది. తల అటూ ఇటూ తిప్పించింది, వంగి లేవమంది, గట్టిగా మాట్లాడమంది. ఏమీ తెలియలేదు. నోరు ఎప్పటి నోరులాగే ఉంది. తర్వాత్తర్వాత రక్తం శుభ్రపడ్డాక అతను అదే మాస్కుతో పరంజా ఎక్కి, ఆ బుగ్గల పిల్లల బొమ్మలన్నిటినీ తన చేత్తోనే బాగు చేశాడు. అందరూ వచ్చి అంతా పాతదే కదా అన్నారు కూడా. అది తర్వాతి మాట.

ఆ మధ్యాహ్నం అతను అద్దంలో మొహం చూసుకుంటుండగా ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, పిల్లకి ఏం లేదు. డాక్టరు ఇప్పుడే చెప్పారు. ఉండీ లేనట్టు కాస్త జాడ ఉందంతే, దానంతటదే పోతుందట. మళ్ళీ ఇంటికి దుమ్ము తేకుండా ఉంటే చాలన్నారు. వింటున్నావా? నాన్నా?"

వింటున్నాడు. కన్నీళ్ళు జారి నున్నటి బుగ్గల మీదినుంచి నేరుగా మెడ మీదికి పోతున్నాయి. ఇంతకాలం ఎన్నిసార్లు కళ్ళు చెమ్మగిల్లినా గడ్డం దాచిపెట్టేది. బావమరిది అటు తిరిగి కత్తెర కడగసాగాడు. కడిగిన కత్తెరనే మళ్ళీ కడిగాడు.

సాయంత్రం అక్కడే తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని మేస్త్రి ఇంటికి వచ్చాడు. తలుపు తీసే ఉంది. భార్య గుమ్మంలో ఎదురై, తేరిపార చూసి, చెంపకి చెయ్యి ఆనించుకుంది.

"ఏమండీ! చుబుకం మీద సొట్ట కూడా ఉందేంటండీ! ఇన్నాళ్ళూ ఇంత అందాన్ని నాకు చూపించకుండా దాచారా?"

అతనికి సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గుపడితే మొహం ఎర్రబడుతుందన్న సంగతి కూడా ఆమెకి ఆ రోజే తెలిసింది. ఆమె వెనకనించి పిల్ల తొంగిచూసింది. చూసి, గావుకేక పెట్టి, అమ్మమ్మ కాళ్ళని చుట్టేసుకుంది.

"నేనేనే బంగారూ, తాతని" అన్నాడు అతను, చేతులు చాచి. తాత గొంతు ఎవరో కొత్తమనిషి నోట్లోంచి రావడంతో దానికి మరీ భయం వేసింది. ఏడుపు రెట్టింపైంది. ఇన్నాళ్ళూ తాకకూడదని తానే తప్పుకు తిరిగాడు. ఇప్పుడు తాకొచ్చు, పిల్ల రావడం లేదు. అతని చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. భార్య నవ్వు కూడా ఆగిపోయింది.

అతను ఏమనుకున్నాడో, గుమ్మం దాటి బయటికి వెళ్ళి, తలుపు దగ్గరికి లాక్కున్నాడు. లోపల వెక్కిళ్ళు వినబడుతున్నాయి. వేళ్ళు ముడిచి, మధ్యవేలి కణుపుతో కొట్టాడు.

టక్. టకటక.

వెక్కిళ్ళు ఆగాయి. గచ్చు నేల మీద బుల్లి పాదాల పరుగు వినబడింది. తలుపు కొంచెం తెరుచుకుంది. పిల్ల తల పైకెత్తి, కిందకి వంగిన ఆ కొత్త మొహాన్ని అనుమానంగా చూసింది. ఈసారి ఏడవలేదు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, కదలకుండా ఉన్నాడు. పిల్ల దగ్గరికి వచ్చింది. పిడికిలి బిగించి, నున్నటి చుబుకం మీద ఒకసారి కొట్టింది. ఆగింది. రెండుసార్లు కొట్టింది. తల పక్కకి వంచి విన్నది.

"గట్టి" అంది.

అని, తాత మెడ చుట్టూ చేతులు వేసి, ఆ కొత్త చెంపకి మొహం ఆనించింది.